కత్తి ఒంటికి తగలకూడదు, చూసేవాడికి తగలాలి

(జానపద చిత్రాలు ఎలా తీసేవారన్న విషయం మీద ఒక ఫిల్మ్ సొసైటీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? వినిపించకపోతే మొహమాటపడకండి, చెయ్యెత్తండి. పక్కన ఫ్యాను కాస్త తగ్గిస్తే మంచిది. ఆ, అదీ.

జానపదం అనగానే మీకేం గుర్తొస్తుంది? కోట. కత్తి. రాకుమారి. మాంత్రికుడు. గుర్రం. రాజుగారి బావమరిది. అవునా? ఈ ఆరూ ఉంటే జానపదం అయిపోతుందనుకుంటాం. కానీ ఈ ఆరూ ఉండి కూడా చల్లారిన పెసరట్టులా మిగిలిపోయిన సినిమాలు ఎన్ని లేవు? మరి కొన్నేమో ఇన్నేళ్ల తరవాత కూడా, ఇంట్లో టీవీలో వస్తుంటే, అమ్మమ్మా మనవడూ కలిసి కూర్చుని చూస్తున్నారు. తేడా ఎక్కడుంది?

ఇవాళ నేను ఏ హీరో గొప్ప అన్న పంచాయితీ పెట్టను. మీలో కొంతమంది చిన్న సినిమాలు తీస్తున్నారు, కాలేజీల్లో నాటకాలు వేస్తున్నారు అని నిర్వాహకులు చెప్పారు. కాబట్టి ఎలా తీశారు, ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది, అది మాట్లాడుకుందాం. ఒక్క మాట మాత్రం మొదటే చెప్పేస్తాను, చివరిదాకా ఆ మాటే చుట్టుతిరిగి వస్తుంది. ఆ మాట ‘హద్దు’. జానపదంలో ఏమైనా జరగొచ్చు అంటారు చూశారూ, అది తప్పు. ఏమైనా జరగొచ్చు అన్న చోట చూసేవాడికి భయం ఉండదు. భయం లేని చోట కత్తికి పదును ఉండదు.

వంశవృక్షం గబగబా చెప్పేస్తాను, ఇది మీలో చాలామందికి తెలుసు. 1942లో జెమినీ వాళ్ల బాలనాగమ్మ. 1949లో కీలుగుర్రం. 1951లో విజయా వాళ్ల పాతాళభైరవి, దర్శకుడు కె.వి. రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లీ. ఆ సినిమా కథకి మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో ఉంది. తీసినవాళ్లు నాగిరెడ్డి, చక్రపాణి. అంతకు నాలుగేళ్ల ముందే, 1947 జులైలో, చందమామ మొదలుపెట్టిందీ వాళ్లే. పత్రికలో పిల్లలకి కథ ఎలా చెప్పాలో తెలిసినవాళ్లే తెర మీదా చెప్పారు. ఆ తరవాత 1955లో జయసింహ, 1961లో జగదేకవీరుని కథ, 1963లో బందిపోటు, 1969లో గండికోట రహస్యం. మధ్యలో కాంతారావు గారు, ‘కత్తి కాంతారావు’ అని జనం పేరు ముందు కత్తి తగిలించారు. దర్శకుడు విఠలాచార్య గారికి ‘జానపద బ్రహ్మ’ అని బిరుదే ఇచ్చేశారు. ఆయన ఉడిపి వైపు నుంచి వచ్చిన మనిషి. 1994లో సింగీతం శ్రీనివాసరావు గారి భైరవద్వీపం. అయిపోయింది వంశవృక్షం.

ఇప్పుడు కథలో హద్దు అంటే ఏమిటో చూద్దాం. పాతాళభైరవి తీసుకోండి. తోటరాముడు తోటమాలి కొడుకు. రాకుమారి ఇందుమతిని ప్రేమించాడు. రాజుగారేమన్నారు? నా అంత ఐశ్వర్యం సంపాదించుకుని రా, పిల్లనిస్తాను అన్నారు. అదీ మొదటి హద్దు. కొట్టి పారెయ్యలేదు, ఊరికే ఒప్పుకోనూ లేదు, ఒక గీత గీశాడు. సరే, మాంత్రికుడికి ఏం కావాలి? అమ్మవారికి బలివ్వడానికి సాహసి అయిన కుర్రాడు కావాలి. అతని దగ్గర ఇన్ని మంత్రాలున్నాయి, అయినా బలి లేకుండా పని జరగదు. అదీ రెండో హద్దు. బలికి ముందు స్నానం చేసి రావాలి. మూడోది. ఆ స్నానానికి దిగినచోటే మొసలి, ఆ మొసలిని చంపితే శాపం తీరిన అప్సరస, ఆమె నోట మాంత్రికుడి గుట్టు. చూశారా? స్నానం అన్న నియమం లేకపోతే మొసలి లేదు, మొసలి లేకపోతే గుట్టు తెలియదు, గుట్టు తెలియకపోతే రాముడు బలైపోయేవాడు. ఒక నియమం ఇంకో సన్నివేశాన్ని పుట్టిస్తోంది. మంత్రం అంటే అదీ. మంత్రం వల్ల ఎంత పనవుతుందన్నది చిన్న ప్రశ్న, ఎక్కడ ఆగుతుందన్నది పెద్ద ప్రశ్న.

తరవాత, మాంత్రికుడు ఆశపడ్డ అమ్మవారి ప్రతిమ రాముడి చేతికొచ్చింది. కోరిందల్లా ఇచ్చే బొమ్మ. ఇక్కడ కథ చచ్చిపోవాలి నిజానికి. కోరిందల్లా వచ్చేవాడికి కష్టం ఏముంటుంది? కానీ పింగళి వారు ఏం చేశారు? బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట. దానికి మంచివాడు, చెడ్డవాడు తేడా లేదు. అంటే దొంగిలించొచ్చు. దొంగిలించడానికి ఇంట్లోనే ఒకడున్నాడు, రాణిగారి తమ్ముడు శూరసేనుడు. రేలంగి గారు వేశారు. అతను దుర్మార్గుడేం కాదు, మేనకోడల్ని చేసుకోవాలని ఆశపడే పిరికివాడు. అలాంటివాడి చేతులోంచే బొమ్మ జారిపోయింది. రాక్షసుడు గోడ బద్దలుకొట్టుకుని రావక్కర్లేదు, బావమరిది తలుపు తీస్తే చాలు.

భైరవద్వీపంలో ఇదే సూత్రం ఇంకోలా. అక్కడ రాకుమారిని కాపాడే దారిలో కథానాయకుడు తన రూపాన్నే పోగొట్టుకుని కురూపి అవుతాడు. మంత్రానికి ఖరీదు కట్టారు, ఆ ఖరీదు హీరో మొహం. ప్రేమకథలో అంతకంటే ఖరీదైంది ఇంకేముంది? మీరు కథ రాసుకునేటప్పుడు ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాయ ఏం చెయ్యలేదు? చేసినందుకు ఎవరు, ఏం కోల్పోతారు? ఈ నియమం చూసేవాడికి ఏ సన్నివేశంలో తెలుస్తుంది? మూడోదే అందరూ మరిచిపోతారు. నియమం చివరి పోరాటంలో చెప్తే అది నియమం కాదు, తప్పించుకోవడం. సినిమా సగానికి ముందే చూసేవాడి చెవిలో పడాలి.

ఇక కత్తి. ఇందుకోసమే సగంమంది వచ్చుంటారు, మీ మొహాలు చూస్తే తెలుస్తోంది.

మొదట ఒక అబద్ధం గురించి. మన జానపదాల్లో చూసే కత్తియుద్ధం మన కత్తియుద్ధం కాదు. మన తల్వారు, అంటే వంకర కత్తి, చూశారా మ్యూజియంలో? హైదరాబాద్ సాలార్‌జంగ్‌లో ఆయుధాల గది ఉంది, వెళ్లినప్పుడు బ్లేడు చూడకండి, పిడి చూడండి. పిడి చివర పళ్లెంలాంటి బిళ్ల ఉంటుంది. పిడి ఇరుకు. పిడికిలి అందులో బిగుసుకుంటుంది. మణికట్టు ముందుకి వంచి పొడవబోతే ఆ బిళ్ల చేతికి అడ్డం పడుతుంది. అంటే ఆ కత్తి పొడవడం కోసం చేసింది కాదు, భుజం నుంచి తిప్పి కొయ్యడం కోసం చేసింది. మరి తెర మీద మనవాళ్లు ఏం చేస్తారు? మణికట్టు తిప్పుతూ, ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ, పొడుస్తూ కాస్తూ ఉంటారు. అది హాలీవుడ్ కత్తి సినిమాల నుంచి వచ్చిన నడక. 1938లో ఎరోల్ ఫ్లిన్ రాబిన్‌హుడ్ వేశాడు, మెట్ల మీద పోరాటం, స్తంభం మీద నీడలు, అవన్నీ మనవాళ్లూ చూశారు. దానికి మన కర్రసాము, కత్తిసాము కలిపారు. తప్పా? కాదు. తెర మీద కోత కనిపించదు, టకటకమని తగిలే శబ్దం, ముందుకీ వెనక్కీ నడక కనిపిస్తాయి. కానీ తెలిసి చెయ్యండి. వంకర కత్తి ఇచ్చి పొడవమంటే నటుడి మణికట్టు సాయంత్రానికి వాస్తుంది.

కత్తి దేంతో చెయ్యాలి? దగ్గర షాట్లకి అల్యూమినియం పట్టీ. పొడవు 75 సెంటీమీటర్లు, వెడల్పు మూడున్నర, మందం అర సెంటీమీటరు అనుకోండి. లెక్కేస్తే పిడి కాకుండా 350 గ్రాముల చిల్లర. అదే కొలతకి ఇనుము పెడితే కేజీ దాటుతుంది. కేజీ ఇనుప పట్టీని మధ్యలో ఆపడం శిక్షణ లేనివాడి వల్ల కాదు. ఆపలేనివాడు కొట్టేస్తాడు, కావాలని కాదు, ఆపలేక. అందుకే అల్యూమినియం. అంచులు గుండ్రంగా అరగదీయాలి, మొన కూడా చిటికెనవేలి కొసలా గుండ్రంగా ఉండాలి. దూరపు షాట్లకి, వెనక నిలబడే భటులకి చెక్క కత్తి, వెండి రంగు చాలు. గుర్రం మీద పరిగెత్తేవాడికి కూడా చెక్కే ఇవ్వండి, పడితే తన కత్తి తనకే గుచ్చుకోకూడదు కదా.

అల్యూమినియంతో ఒక గొడవుంది. మెత్తని లోహం, పది దెబ్బలకి అంచు మీద పళ్లు లేస్తాయి. ఆ పళ్లు బ్లేడులాంటివి, చర్మం చీరేస్తాయి. ప్రతి షాట్ తరవాత ఒకడు ఆకురాయి పట్టుకుని కూర్చోవాలి. అదొక ఉద్యోగం, దాన్ని ‘ఎవరో ఒకరు చేస్తారులే’ అని వదిలెయ్యొద్దు. రెండో గొడవ పిడి. బ్లేడు తోక పిడి గుండా పూర్తిగా వెనక్కి వచ్చి, చివర బోల్టుతో బిగిసి ఉండాలి. అంగుళం తోక పెట్టి, జిగురు పోసి అతికిస్తే ఏదో ఒక దెబ్బకి బ్లేడు ఊడి ఎగిరిపోతుంది. ఎక్కడికి? కెమెరా వైపుకో, లైట్‌బాయ్ వైపుకో. షాట్‌కి ముందు కత్తిని గట్టిగా ఒకసారి జాడించండి, చెవి దగ్గర పెట్టి ఊపండి. కటకట వినిపిస్తే పక్కన పడెయ్యండి.

ఇప్పుడు దూరం. నేను మొదట చెప్పిన హద్దు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకడు చెయ్యి పూర్తిగా చాచి కత్తి చాపితే మొన అవతలివాడి ఛాతీకి ఇంకా జానెడు దూరంలో ఆగాలి. అదీ పోరాటపు దూరం. ఆ జానెడు ఎప్పుడూ తగ్గకూడదు. మరి తెర మీద దగ్గరగా ఎలా కనిపిస్తారు? అది కెమెరా పని. పక్క నుంచి తీస్తే దూరం బయటపడుతుంది. ఒకడి భుజం మీదుగా, కాస్త పొడుగు లెన్సుతో తీస్తే ఆ జానెడు మాయమైపోతుంది. పొడిచే షాట్ అయితే కత్తి కెమెరాకి అవతలి పక్కనుంచి, ఒంటిని దాటిపోవాలి. చంక కిందనుంచి పోయిందని అవతల ఉన్నవాడికి తెలుసు, మనకి మాత్రం గుండెల్లోంచి పోయినట్టుంటుంది.

దెబ్బలకి నంబర్లు పెట్టండి. ఒకటి ఎడమ భుజం, రెండు కుడి భుజం, మూడు ఎడమ తొడ, నాలుగు కుడి తొడ, అయిదు తల. మీ ఇష్టం, ఏ వరసైనా పెట్టుకోండి, యూనిట్ మొత్తానికి ఒకటే వరస ఉండాలి. అప్పుడు మాస్టారు ‘ఒకటి, నాలుగు, అయిదు, తిరుగు’ అంటే ఇద్దరికీ ఒకే బొమ్మ కనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది దెబ్బలు ఒక గుత్తి. అంతకంటే ఎక్కువ కట్టకండి, మనిషికి గుర్తుండదు. తొమ్మిదో దెబ్బకి ఒకడు నాలుగు అనుకుంటాడు, ఇంకొకడు అయిదు అనుకుంటాడు. గాయాలు చాలావరకు అక్కడే అవుతాయి.

ఇంకో సూత్రం, ఇది రాసుకోండి. తల మీద దెబ్బ వేసేటప్పుడు కాచేవాడు ముందు, కొట్టేవాడు తరవాత. కాచేవాడి కత్తి పైకి లేచి అడ్డంగా నిలబడ్డాక, కళ్లు కళ్లు కలిశాక, అప్పుడే దెబ్బ దిగాలి. చూసేవాడికి ఇది తెలియదు, వాడికి ‘అబ్బ, చివరి క్షణంలో కాచుకున్నాడు’ అనిపిస్తుంది. కొట్టేవాడు కూడా మనిషిని గురి చూడకూడదు, అవతలివాడి కత్తిని గురి చూడాలి. సాధన మూడు వేగాల్లో చెయ్యండి. మొదట నీళ్లలో నడిచినంత నెమ్మదిగా, తరవాత సగం వేగం, తరవాత ముప్పాతిక. పూర్తి వేగం కెమెరా ముందు కూడా అక్కర్లేదు.

ఎందుకక్కర్లేదు? సినిమా సెకనుకి 24 ఫ్రేములు కదా. కెమెరాని 20 మీద తిప్పి, 24 మీద చూపిస్తే వేగం 1.2 రెట్లు అవుతుంది. 18 మీద తిప్పితే 1.33. ఇక్కడిదాకా కన్ను నమ్ముతుంది. 16కి దిగితే ఒకటిన్నర రెట్లు, అప్పుడు కత్తులు నిజంగానే మెరుస్తాయి గానీ మిగతావన్నీ పట్టిస్తాయి. గాల్లో ఎగిరే అంగవస్త్రం, కిరీటం మీది ఈక, గుర్రం తోక, ఇవి అబద్ధం ఆడవు. పాత సినిమాల్లో కొన్ని పోరాటాలు చూస్తే నవ్వొస్తుంది చూడండి, కారణం ఇదే. ఒకసారి అంగవస్త్రం చూసి మళ్లీ కత్తి చూడండి. ఇంకో తిరకాసు: కెమెరా నెమ్మదిగా తిరిగితే ఒక్కో ఫ్రేముకి వెలుతురు ఎక్కువసేపు పడుతుంది. 24 నుంచి 18కి వస్తే దాదాపు అర స్టాపు తేడా, స్టాపు అంటే లెన్సులోంచి వచ్చే వెలుతురుకి కొలత. లెన్సు ఆ మేరకి మూయకపోతే పోరాటం షాట్లు తెల్లగా వెలిసిపోయి, పక్క షాట్లతో అతకవు.

అసలు జానపదంలో కత్తియుద్ధం ఎందుకు ఆగుతూ ఆగుతూ సాగుతుందో గమనించారా? ఎనిమిది దెబ్బలు, తరవాత కత్తులు మెలిపడతాయి, మొహాలు దగ్గరకొస్తాయి, ఒక డైలాగు. మళ్లీ ఎనిమిది. నటులు ఊపిరి పీల్చుకోవడానికి అది పనికొస్తుంది, కెమెరా మార్చుకోవడానికి పనికొస్తుంది. కానీ కథకి కూడా అదే కావాలి. ప్రతినాయకుడు రాజనాల గారు కత్తి అడ్డంపెట్టి నవ్వి ఒక మాట అనకపోతే అది ఇద్దరు మనుషులు ఇనుము కొట్టుకోవడమే కదా? ఆయన కోసం జనం డబ్బులిచ్చి వచ్చేవారు, తిట్టుకోవడానికి.

చోటు కూడా పోరాడాలి. ఖాళీ సభామండపంలో పోరాటం పెడితే రెండు నిమిషాలకి చెప్పడానికేం ఉండదు. మెట్లు పెట్టండి. పైనున్నవాడికి తల అందుతుంది, కిందున్నవాడికి కాళ్లు అందుతాయి. హీరో కింద మొదలుపెట్టి పైన ముగించాలి, ఆ ఎక్కడమే కథ. కానీ సెట్టు మెట్లు అంటే చెక్క మీద రంగు, దాని మీద వార్నిషు. జారుతుంది. మెట్టు అంచుకి రబ్బరు పట్టీ అంటించి అదే రంగు వెయ్యండి, లేదా రంగు తడిగా ఉన్నప్పుడే ఇసక జల్లండి. రాజుగారి ముచ్చెల కింద కూడా రబ్బరే. ఇంకా మీసం. చెమటకి జిగురు వదిలేస్తుంది. కత్తియుద్ధం మధ్యలో ప్రతినాయకుడి మీసం ఒక కొస లేస్తే మీరెంత గొప్పగా తీసినా హాలు నవ్వుతుంది. అందుకే మొహం దగ్గర షాట్లు పొద్దున్నే తీసెయ్యాలి, దూరపు షాట్లు తరవాత. కానీ మనుషులు తాజాగా ఉన్నప్పుడు దూరపు షాట్లలోని పెద్ద పోరాటం తియ్యాలి కదా? ఈ రెంటికీ పొత్తు కుదరదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నన్నడిగితే ఒళ్లే ముఖ్యం, మీసం మళ్లీ అతికించుకోవచ్చు.

మంచినీళ్లు ఇటివ్వండి ఒకసారి. థాంక్సండీ.

ఇప్పుడు మాయ. కంప్యూటరు లేని రోజుల్లో మాయ అంటే కెమెరాకీ ల్యాబుకీ మధ్య జరిగిన పని. సులువైనది మనిషి మాయమవడం. మాంత్రికుడు చెయ్యెత్తాడు, అందరూ కదలకుండా ఉండాలి, కెమెరా ఆపుతారు, ఆయన పక్కకి వెళ్లిపోతాడు, మళ్లీ తిప్పుతారు. తరవాత ఎడిటింగులో అతుకు దగ్గర నాలుగైదు ఫ్రేములు కోసెయ్యాలి. ఎందుకో చెప్పండి? కెమెరా ఆగేటప్పుడూ, మొదలయ్యేటప్పుడూ నెమ్మదిగా తిరుగుతుంది, ఆ ఫ్రేముల్లో వెలుతురు ఎక్కువై తెల్లగా మెరుస్తాయి. కొయ్యకపోతే తళుక్కుమంటుంది. ఆ మెరుపు దాచడానికే పొగ పెట్టడం, నిప్పురవ్వ పేల్చడం మొదలైంది. చెడిపోయేది ఎక్కడంటే, కాగడా మంట, కిటికీ తెర. మనుషుల్ని కదలొద్దు అనొచ్చు, తెరకి చెప్పలేం. ఫ్యాను ఆపడం మరిచిపోతే తెర ఒక్కసారిగా ఎగిరి కూర్చుంటుంది.

అసలు మజా మాస్క్ షాట్‌లో ఉంది. జగదేకవీరుని కథలో ‘శివశంకరీ’ పాట అందరికీ తెలుసు. రామారావు గారు పాడతారు, వాద్యాలు వాయించేదీ ఆయనే, ఒకే ఫ్రేములో అయిదుగురు రామారావులు. కెమెరా బార్ట్‌లీ గారిదే. ఈ పద్ధతి ఎలా ఉంటుందంటే, లెన్సు ముందు నల్లటి ముసుగు పెట్టి ఫ్రేములో ఒక భాగం మాత్రం తెరుస్తారు. ఆ భాగంలో ఒక వేషం తీస్తారు. ఫిల్ముని చీకట్లో వెనక్కి తిప్పుతారు, సరిగ్గా మొదలుపెట్టిన ఫ్రేము దాకా. ముసుగు మార్చి ఇంకో భాగం తెరుస్తారు. వేషం మార్చుకుని, చోటు మారి, మళ్లీ అదే పాటకి. ఇలా అయిదుసార్లు, ఒకే నెగెటివ్ మీద. అయిదోసారి తప్పు జరిగితే ముందు నాలుగూ పోయినట్టే. ఊహించండి ఆ నాలుగోసారి అయ్యాక కెమెరా దగ్గర నిలబడ్డవాడి గుండె.

ఇందులో ఏం తప్పులు జరుగుతాయి? కెమెరా వెంట్రుకవాసి కదిలినా గీత దగ్గర గోడ విరిగినట్టు కనిపిస్తుంది, అందుకే బరువైన స్టాండు, కింద చెక్కలు బిగించి, చుట్టుపక్కల ఎవరూ నడవకుండా. కరెంటు వోల్టేజీ మారితే ఒక రామారావు తెల్లగా, ఇంకో రామారావు నల్లగా. పాట ఒక్క ఫ్రేము తేడాగా మొదలైనా వేళ్లు తాళం తప్పుతాయి. ఇక నటుడు. గీత అతనికి కనిపించదు. చెయ్యి గీత దాటితే అక్కడికి చెయ్యి తెగిపోతుంది. అందుకే గీతని దాచడానికి స్తంభం అంచో, తెర మడతో, చీకటి మూలో చూసుకుని సెట్టు కడతారు. అంటే సెట్టు వేసేవాడికి ముందే తెలియాలి. ట్రిక్కు కెమెరావాడిది కాదు, కళాదర్శకుడితో మొదలవుతుంది. గండికోట రహస్యంలాంటి ద్విపాత్రాభినయం సినిమాలకీ ఇదే చిట్కా. కానీ అన్ని షాట్లూ ఇలా తీయరు. ఎక్కువ భాగం డూపు వీపు మీదుగా తీసి, నిజంగా ఇద్దరూ కలిసి కనిపించేవి కొన్నే తీస్తారు. ఆ కొన్ని గట్టిగా ఉంటే మిగతాదంతా కన్ను నమ్మేస్తుంది.

బొమ్మ కోటలు, కూలే బురుజులు తీసేవాళ్లకి ఒక లెక్క. బొమ్మని అసలు కొలతలో పదహారో వంతు చేశారనుకోండి, పదహారుకి వర్గమూలం నాలుగు. కెమెరా నాలుగు రెట్లు వేగంగా తిప్పాలి, అంటే 24 బదులు 96. అప్పుడే రాయి బరువుగా పడుతుంది. లేకపోతే అగ్గిపెట్టెలు పడ్డట్టు టపటపమని రాలతాయి. తొమ్మిదో వంతు బొమ్మకి మూడు రెట్లు, 72. రాయికి ఈ లెక్క సరిపోతుంది గానీ నీళ్లకి సరిపోదు. నీటి చుక్కని చిన్నది చెయ్యలేం. సముద్రం మీద ఓడ బొమ్మ చూపిస్తే చుక్కల సైజే అబద్ధాన్ని చెప్పేస్తుంది. బొమ్మ ఎంత పెద్దది చెయ్యగలిగితే అంత మంచిది, లేదా నీళ్లు వద్దు.

ప్రేమ గురించి అంత సేపు మాట్లాడను, అది మీకు నేను చెప్పాలా? ఒక్కటి మాత్రం. జానపదంలో ప్రేమకి కోటగోడ ఉంటుంది. గోడ దూకాలి, మారువేషం వెయ్యాలి, తోటలో దాక్కోవాలి. ఆ గోడ ఎంత ఎత్తో మొదట చూపించకపోతే పాట వచ్చినా పాట కోసం పాటే. బందిపోటులో రాకుమారి గర్విష్ఠి, హీరో దొంగ. అక్కడ గోడ రాతిది కాదు, ఆమె తలలో ఉంది. అందుకే ఆ ప్రేమ పాతబడలేదు. ఇంకొకటి, వెన్నెల. నలుపు తెలుపులో వెన్నెల అంటే వెలుతురు తక్కువ చెయ్యడం కాదు. మనుషుల వెనకనుంచి గట్టి వెలుతురు ఒకటి, జుట్టు అంచునీ నీటి మీదనీ తెల్లగా అంటుకునేలా, మొహం మీద మాత్రం మెత్తగా. మొత్తం మసకచేస్తే అది అమావాస్య అవుతుంది.

ఇక కుట్ర. ఇక్కడే కొత్తగా రాసేవాళ్లు ఎక్కువ పడిపోతారు. సింహాసనం కోసం పినతండ్రో, సేనాపతో, మంత్రో ఏదో చేస్తుంటాడు. జయసింహలో చూడండి, పెంచాల్సిన పినతండ్రే రాజ్యానికి ఆశపడతాడు. కుట్ర నడవాలంటే ఎవరికి ఏం తెలుసు అన్న లెక్క తప్పకూడదు. ఒక పెద్ద కాగితం తీసుకోండి. ఎడమవైపు పాత్రల పేర్లు ఒకదాని కింద ఒకటి. పైన సన్నివేశాల నంబర్లు. చివరి వరసలో ఇంకో పేరు రాయండి: ప్రేక్షకుడు. ఒక్కో గడిలో, ఆ సన్నివేశం అయ్యేసరికి ఆ మనిషికి గుట్టు తెలుసా లేదా, టిక్కు పెట్టండి. ఇప్పుడు ఆ కాగితం చూస్తే రోగం కనిపిస్తుంది. ప్రేక్షకుడికి తెలిసి రాజుకి తెలియకపోతే ఉత్కంఠ. రాజుకి తెలిసి ప్రేక్షకుడికి తెలియకపోతే ఆశ్చర్యం. అందరికీ తెలిసిపోయి కథ ఇంకా అరగంట ఉంటే? విసుగు. ఎవరికీ తెలియకుండా చివర్లో ఒకాయన వచ్చి అంతా వివరిస్తే? అప్పటికి జనం చెప్పులు వెతుక్కుంటుంటారు.

కుట్రదారుడికి ఒక బలహీనత ఇవ్వండి, నవ్వొచ్చేది. జగదేకవీరుని కథలో రాజనాల గారు రాజు, సి.ఎస్.ఆర్. గారు మంత్రి ప్రగ్గడ. ఆ రాజు దుర్మార్గుడే, కానీ పొగిడితే పడిపోతాడు. మంత్రి పొగుడుతుంటాడు. పిల్లలు ఆ ఇద్దరినీ చూసి నవ్వుతారు, పెద్దవాళ్లు కూడా నవ్వుతారు, కానీ వేరే కారణానికి. ఇంటిల్లిపాదీ చూసే సినిమా అంటే ఇదే కిటుకు: ఒకే మాట, రెండు వయసులకి రెండు అర్థాలు. పాతాళభైరవి మాంత్రికుడి విషయంలోనూ అంతే. ఎస్వీ రంగారావు గారు పిల్లల్ని భయపెట్టారు, పక్కనే శిష్యుడు సదాజపుడిగా పద్మనాభం గారు నవ్వించారు. భయం ఎక్కువసేపు ఒంటరిగా ఉంటే పిల్లలు ఏడుస్తారు, నవ్వు ఎక్కువసేపు ఒంటరిగా ఉంటే భయం చచ్చిపోతుంది. పిల్లాడు అమ్మ కొంగులోంచి మొహం బయటికి పెట్టే సమయానికి శిష్యుడు వచ్చి ఉండాలి.

భాష మాటొకటి. రాజులు గ్రాంథికం మాట్లాడాలా? చాలామంది అడుగుతారు. పింగళి గారిని చూడండి. ‘డింభకా’ అన్నది సంస్కృతం మాటే, దాన్ని నేపాళ మాంత్రికుడి నోట్లో పెడితే తెలుగుదేశం అంతా వాడేసింది. పాత మాట తీసుకుని కొత్తగా పలికించాడాయన. మీరు ‘ప్రభూ, తమరి ఆజ్ఞ’ అని పేజీలు పేజీలు రాస్తే నటుడికీ ఊపిరాడదు, వినేవాడికీ ఊపిరాడదు. పలకడానికి బాగుండే మాట ఒకటి దొరికితే, వాక్యం మిగతాదంతా వాడుక భాషలోనే ఉంచండి.

శబ్దం చెప్పడం మరిచిపోయాను. అల్యూమినియం కత్తులు తగిలితే టప్ మంటాయి, ఖంగుమనవు. ఆ ఖంగు తరవాత వేరే ఇనుముతో రికార్డు చేసి కలపాలి. కలిపేటప్పుడు ప్రతి దెబ్బకీ ఒకటే శబ్దం వేస్తే వంటింట్లో గిన్నెలు పడ్డట్టుంటుంది. కనీసం ఆరేడు రకాలు రికార్డు చేసుకోండి. అంచుకి అంచు తగిలితే ఒకటి, బ్లేడు బ్లేడు మీద జారితే ఒకటి, డాలు మీద పడితే ఒకటి, రాతి స్తంభానికి తగిలితే ఒకటి, ఇలా. దెబ్బ కనిపించని ఫ్రేముల్లో శబ్దం పెట్టకండి. తప్పిపోయిన దెబ్బకి గాలి కోసిన చప్పుడు చాలు. ఆ ఖాళీలోనే చూసేవాడు ఉలిక్కిపడతాడు.

ఇక నేను ఆపేస్తాను, ఇప్పుడు ‘శివశంకరీ’ పాట వేస్తున్నారు. రామారావు గారి మొహం చూడకండి, అది ఇదివరకు చాలాసార్లు చూసే ఉంటారు. ఒక రామారావుకీ పక్క రామారావుకీ మధ్య ఉన్న చోటు చూడండి. ఎవరి చెయ్యి ఎక్కడిదాకా వచ్చి ఆగుతోందో చూడండి. బాబూ, ఆ తలుపు పక్క లైటు కూడా ఆర్పెయ్యి.